పాత ఎంఎస్ 250 రంపం: పిస్టన్ గీతలు పడింది, కొత్త కిట్టు వేసేయొచ్చా?

సరుగుడుతోట
మిషన్ స్టిల్ ఎంఎస్ 250, పెట్రోలు చైను రంపం, బాగా పాతది. సుబాబుల్, సరుగుడు కోతకు వాడుతున్నది. చల్లగా ఉన్నప్పుడు ఐదారు లాగులకు స్టార్ట్ అయ్యేది. పది నిమిషాలు కోశాక రేస్ వదిలినా ఇంజిను వేగం వెంటనే దిగేది కాదు, కాసేపు అలాగే అరిచి మెల్లగా దిగేది. ఇప్పుడు కోతలో ఆగిపోయింది. తాడు లాగితే గట్టిదనం లేదు. కంప్రెషన్ మీటరు 85 పీఎస్‌ఐ చూపిస్తోంది. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తున్నాయి. బోరు, పిస్టన్, రింగులు కలిపి డూప్లికేట్ కిట్టు తక్కువ ధరకే దొరుకుతోంది. అది బిగించేస్తే సరిపోతుందా? టీ-27 స్టార్ కీ, 19, 13 పానలు ఉన్నాయి. ఇంట్లోనే చేద్దామని.

రెండుస్ట్రోకులు
కిట్టు ఇప్పుడే కొనకండి. రేస్ వదిలినా వేగం దిగకపోవడం అన్నారు చూడండి, జబ్బు అక్కడుంది. ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గింది. ఈ ఇంజినుకు ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి నూనె కూడా తగ్గింది, పిస్టన్ వేడెక్కి బోరుకు రాసుకుంది. ఆ గాలి కన్నం మూయకుండా కొత్త పిస్టన్ వేస్తే రెండు మూడు ట్యాంకుల్లో అదీ పోతుంది.

ముందు మూడు సంగతులు చెప్పండి:
గీతలు పిస్టన్‌కు ఏ వైపు ఉన్నాయి? సైలెన్సర్ వైపు మాత్రమేనా, కార్బొరేటర్ వైపా, చుట్టూరానా?
పెట్రోల్లో ఆయిలు ఎంత కలుపుతున్నారు?
కంప్రెషన్ చూసిన మీటరు ఏది? బైకు మీటరా?

నట్టుబోల్టు
మూడో ప్రశ్న ఎందుకో నేను చెబుతా. బైకులకూ కార్లకూ వాడే కొన్ని మీటర్లలో గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు గొట్టానికి మీటరు వైపు చివర ఉంటుంది. ఆ గొట్టం మొత్తం సిలిండరు ఖాళీకి కలిసిపోతుంది. 45.4 సీసీ ఇంజినుకు ఆ కాస్త ఖాళీయే చాలా ఎక్కువ, రీడింగు 30, 40 పీఎస్‌ఐ తక్కువ చూపినా ఆశ్చర్యం లేదు. వాల్వు ప్లగ్గు మరలోనే ఉన్న మీటరు వాడాలి. రేస్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలడం ఆగేదాకా లాగాలి, ఆరేడు లాగులు పడుతుంది. మంచి 250 దగ్గర దగ్గర 150 చూపిస్తుంది. 110 కిందికి దిగితే స్టార్టింగు కష్టం.

సరుగుడుతోట
మీటరు చిన్న ఇంజిన్లదే, వాల్వు కొసన ఉంది. గీతలు సైలెన్సర్ వైపే ఎక్కువ. కార్బొరేటర్ వైపు గొట్టంలోంచి టార్చి వేసి చూశాను, అక్కడ పిస్టన్ నున్నగా ఉంది, ఫ్యాక్టరీలో పడ్డ మెషిన్ గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. ఆయిలు లీటరుకు 20 మిల్లీలీటర్లు. బంకులో బైకులకు అమ్మే టూటీ ఆయిలు.

రెండుస్ట్రోకులు
అయితే లెక్క తేలినట్టే.

కార్బొరేటర్ వైపు గీతలు, పిస్టన్ అడుగు బూడిద రంగులో అరిగి ఉంటే ఫిల్టరులోంచి దుమ్ము పోయిందని అర్థం. నాలుగు వైపులా సమానంగా గీతలుంటే ఆయిలు కలపని పెట్రోలు పోశారని. సైలెన్సర్ వైపే ఉంటే పెట్రోలు పలచనై, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గి, వేడెక్కిందని. సైలెన్సర్ దారి పిస్టన్‌కు అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు, అందుకే ముందు అక్కడే ఉబ్బి పట్టుకుంటుంది. మీది ఈ మూడోది.

ఆయిలు సంగతి: కంపెనీ పుస్తకంలో 50కి 1 అని రాసింది వాళ్ల సొంత ఆయిలుకు. వేరే టూస్ట్రోక్ ఆయిలైతే 25కి 1, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. మీరు సగమే పోస్తున్నారు. అది ఒక్కటే పిస్టన్‌ను తినలేదు గానీ, గాలి కన్నానికి తోడయ్యింది.

గోదారిగట్టు
ఇంకోటి కలపాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కనుక పాత స్క్రూ సెట్టింగు మీదే ఇంజిను కొంచెం పలచన అవుతుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, కార్బొరేటర్లోని సన్న పొర, అదే డయాఫ్రం, బిరుసెక్కుతుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీళ్లు పీల్చి అడుగున విడిపోతుంది. సీజను అయిపోగానే ట్యాంకు వొంపేసి, ఇంజిను తనంతట తాను ఆగేదాకా నడిపి పెట్టాలి.

సరుగుడుతోట
సరే, కిట్టు ఆపేశాను. గాలి ఎక్కడ పడుతోందో విప్పకముందే తెలుసుకోవచ్చా?

నట్టుబోల్టు
విప్పకముందే తెలుసుకోవాలి. విప్పాక పాత సీలెంటు చిరిగిపోతుంది, అక్కడ కారిందో లేదో ఎప్పటికీ తెలియదు.

పద్ధతి ఇదీ. సైలెన్సర్ తీసి, సైకిల్ ట్యూబు ముక్క రెండు మడతలు పెట్టి, దాని మీద సైలెన్సరే తిరిగి బిగించండి. సైలెన్సర్ దారి మూసుకుంది. కార్బొరేటర్ తీసి, దాన్ని బోరుకు కలిపే రబ్బరు గొట్టం (ఎల్బో) మూతికి కూడా అలాగే రబ్బరు, దాని మీద చిన్న రేకు ముక్క పెట్టి పాత స్టడ్లకే నట్లు బిగించండి. ప్లగ్గు గట్టిగా ఉండాలి. క్రాంకు కేసు నుంచి కార్బొరేటర్‌కు వచ్చే సన్న ఇంపల్స్ గొట్టం ఉంటుంది, దానిలోంచే గాలి కొట్టాలి.

గాలి 0.5 బార్ దాకా ఎక్కించి 20 సెకన్లు చూడాలి. కదలకూడదు. తర్వాత అదే చోట గాలి లాగాలి, 0.5 బార్ వ్యాక్యూం. 20 సెకన్లలో అది 0.3 దాకా పడిపోయినా పర్లేదు, అంతకు మించి పడితే క్రాంకు షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు పోయినట్టే. రెండు పరీక్షలూ జరుగుతున్నప్పుడు మాగ్నెట్టును (స్టార్టర్ వైపు చక్రం) చేత్తో మెల్లగా తిప్పుతూ ఉండాలి, కొన్ని సీళ్లు ఒక చోటే కారతాయి.

గాలి కొట్టడం ఒక్కటే చేసి బాగుంది అనుకోవద్దు. ఆయిల్ సీలు పెదవి లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే పెదవి షాఫ్టుకు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. అరిగిన సీలు కూడా ఆ పరీక్షలో నెగ్గేస్తుంది. లాగినప్పుడే పెదవి లేస్తుంది. ఇంజిను గాలి పీల్చేది కూడా అలా లేచినప్పుడే.

పాలమూరు_మెకానిక్
పంపు లేదని ఆగకున్రి అన్నా. బీపీ చూసే మిషన్ది బల్బు, మీటరు చాలు గాలి కొట్టడానికి. గాని అది 300 దాకనే ఉంటది, అంటే 0.4 బార్. 250 దాక ఎక్కించున్రి, మీటరు కరాబు గాదు. సబ్బు నీళ్లు చుట్టూర పూసి బుడగ యాడొస్తదో చూడున్రి. వ్యాక్యూం మాత్రం దాంతోని గాదు. బ్రేకు ఆయిలు గుంజే చేతి పంపు కారు షెడ్డుల ఉంటది, గంటసేపు అడుక్కొని తెచ్చుకోవాలె. దాని మీటరుల 15 ఇంచులు అంటే 0.5 బార్ లెక్క.

సరుగుడుతోట
చేశాను. గాలి కొడితే 250 దగ్గర మెల్లగా దిగుతోంది. కార్బొరేటర్ రబ్బరు ఎల్బో కింద సబ్బు బుడగలు వస్తున్నాయి. ఎల్బో వంచి చూస్తే అడుగున మడత దగ్గర చీలిక, పైనుంచి కనిపించదు. వ్యాక్యూం అయితే 5 సెకన్లలో సున్నా.

రెండుస్ట్రోకులు
ఎల్బో దోషి, అది ఖాయం. కానీ గాలి మెల్లగా దిగి, వ్యాక్యూం అంత వేగంగా పడిపోయిందంటే సీలు కూడా అనుమానమే. ఈ ఇంజిను విప్పాక సీళ్లు ఎలాగూ చేతిలోకొస్తాయి. ఎల్బో, ఇంపల్స్ గొట్టం, పెట్రోలు గొట్టం, రెండు ఆయిల్ సీళ్లు కొత్తవి తీసుకోండి. కిట్టు ధరలో ఇవి చిన్న ఖర్చు.

విప్పే వరస చెబుతాను. బారు, చైను తీసేయండి. ట్యాంకులు రెండూ వొంపేయండి. ఫిల్టరు, కార్బొరేటర్, స్టార్టర్ కవరు తీశాక, పిస్టన్ కదలకుండా ప్లగ్గు కన్నంలోంచి స్టార్టర్ తాడు కొస దోపాలి. ఇక్కడ జాగ్రత్త: పిస్టన్ పైకి వస్తూ సైలెన్సర్ దారిని మూసిన తర్వాతే తాడు దోపండి. ముందే దోపితే తాడు ఆ దారిలోకి జారి అంచు మీద తెగుతుంది, ముక్క లోపలుండిపోతుంది. స్క్రూడ్రైవరు అస్సలు వద్దు, పిస్టన్ తలకు కన్నం పడుతుంది.

క్లచ్‌కు ఎడమ మర. 19 పానతో గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే ఊడుతుంది. అటువైపు మాగ్నెట్టు నట్టు 13, అది మామూలు మర. మాగ్నెట్టు రాకపోతే నట్టును షాఫ్టు కొసకు సమానంగా తిప్పి ఉంచి, మాగ్నెట్టును చేత్తో మీ వైపు లాగుతూ నట్టు మీద ఒక్క దెబ్బ కొట్టండి. షాఫ్టు కొసను నేరుగా కొడితే మర నలిగి నట్టు ఎక్కదు. మాగ్నెట్టు లోపల చిన్న కీ అచ్చులోనే పోసి ఉంటుంది. అది తెగి ఉందేమో చూడండి. తెగితే టైమింగు మారిపోయి తాడు చేతిని వెనక్కి లాగుతుంది.

తర్వాత ఆయిల్ పంపు, సైలెన్సర్, కాయిలు. ఇంజిను అడుగున నాలుగు స్క్రూలు విప్పితే మొత్తం ముద్దగా బయటికొస్తుంది. ఈ మోడల్లో బోరుకు విడిగా బేస్ ప్యాకింగు ఉండదు. బోరు పైసగం, అడుగు పళ్లెం కిందిసగం, మధ్యలో క్రాంకు, బేరింగులు, సీళ్లు. సీలెంటే ప్యాకింగు. సందులో స్క్రూడ్రైవరు దోపి పెకలించకండి, ముఖం గీసుకుంటే మళ్లీ గాలి.

సరుగుడుతోట
ఎంఎస్ 250 బోరు చేతిలో ఉంది. సైలెన్సర్ వైపు వెండి రంగు మరకలు అంటుకుని ఉన్నాయి, వేలితో తడిమితే గరుకుగా తగులుతోంది. గోరుకు లోతు గీత ఏదీ తగలట్లేదు. ఎమరీ పేపరుతో రుద్దనా?

పాలమూరు_మెకానిక్
బాత్రూం యాసిడ్ దూది మీద ముంచి అద్దున్రి, ఆ వెండి అంతా కరిగిపోతది.

నట్టుబోల్టు
యాసిడ్ కరిగిస్తుంది, నిజమే. కానీ నేను వద్దంటాను. ఆ బోరు లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పూత ఉంది. పూత ఎక్కడైనా చిట్లి ఉంటే యాసిడ్ ఆ చిట్లులోంచి కిందికి దిగి నికెల్ పొరను లేపుతుంది. దాని ఆవిరికి పక్కనున్న బేరింగులు, పనిముట్లు రాత్రికి రాత్రి తుప్పు పడతాయి.

కాస్టిక్ సోడా వాడండి. అల్యూమినియాన్ని తింటుంది, నికెల్ పూతను ముట్టదు. 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో 10 గ్రాములు మెల్లగా వేయండి. నీళ్లలోకే సోడా, సోడా మీద నీళ్లు కాదు. ప్లాస్టిక్ గిన్నె వాడాలి, అల్యూమినియం గిన్నె పనికిరాదు. చెవి పుల్లకున్న దూదితో ఆ మరక మీదే అద్దాలి. బుసబుసా నురగ వస్తుంది, అది హైడ్రోజన్. ఆరుబయట, నిప్పు దగ్గర లేకుండా, చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు పెట్టుకుని చేయాలి. నురగ ఆగాక తుడిచి మళ్లీ అద్దాలి. బోరులో గాలి, పొగ పోయే దారుల అంచుల్లో పూత ఆగిపోయి పచ్చి అల్యూమినియం ఉంటుంది, అక్కడికి పోనివ్వకండి, తినేస్తుంది. చివర నీళ్లతో బాగా కడిగి, వెనిగర్ తుడిచి, మళ్లీ కడిగి ఆరబెట్టండి.

ఎమరీ, హోనింగు రాళ్లు వద్దు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బరుతో అడ్డంగా, ఏటవాలుగా రుద్దితే చాలు. తర్వాత గుడ్డతో తుడిస్తే నల్లగా మెరుస్తున్న చోట పూత ఉన్నట్టు. తెల్లగా, మెత్తగా, గోరుకు గీత పడే చోటుంటే పూత పోయినట్టు, ఆ బోరు ఇక పనికిరాదు.

పాలమూరు_మెకానిక్
గీ పూత సంగతి కరెక్టే అన్నా, బేరింగులు తుప్పు పట్టుడు కూడా నిజమే. కాస్టిక్ సోడానే మంచిగుంటది.

సరుగుడుతోట
మొత్తం నల్లగా, నున్నగా వచ్చింది. తెల్ల చోటు లేదు. అంటే బోరు పాతదే ఉంచి పిస్టన్ మాత్రం కొత్తది?

రెండుస్ట్రోకులు
అవును. అసలు బోరు మీద పూత బాగుంటే అది డూప్లికేట్ కిట్టు బోరుకన్నా మేలు. చవక కిట్లలో చాలావాటికి దారుల అంచులు కత్తిలా ఉంటాయి. ఆ అంచుకు రింగు తగిలి విరుగుతుంది. ఎవరైనా తప్పక అలాంటి బోరు వేయాల్సి వస్తే, ముందు అంచులను సన్న ఆకురాయితో పూత లేవకుండా కొంచెం వాలుగా నున్న చేయాలి.

250కు 42.5 ఎంఎం పిస్టన్. రింగును బోరులో పెట్టి పిస్టన్ తలతో సమానంగా నెట్టి కొసల మధ్య సందు ఫీలరు గేజితో చూడండి. 0.15 కన్నా తక్కువుంటే వేడికి కొసలు కలిసి పట్టేస్తాయి. 0.5 దాటితే ఆ రింగు వద్దు. బిగించేటప్పుడు రింగు కొసలు గాడిలోని చిన్న పిన్ను దగ్గరే ఉండాలి. పిస్టన్ తల మీద బాణం సైలెన్సర్ వైపు. గజిన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) సర్‌క్లిప్పులు కొత్తవే వాడాలి, పాతవి పట్టు తప్పి ఉంటాయి. క్లిప్పు తెరిచిన నోరు పైకి గానీ కిందికి గానీ ఉండాలి, పక్కకు ఉండకూడదు. ఇంజిను పరుగుకు అటూ ఇటూ కొట్టుకుని ఊడిపోతుంది. క్లిప్పు పెట్టేటప్పుడు క్రాంకు కేసు మీద గుడ్డ కప్పండి.

కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని నిలువునా లాగి చూడండి. పైకీ కిందికీ ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కకు కొంచెం కదలడం మామూలే.

గోదారిగట్టు
సీలెంటు విషయంలో ఒక మాట. హార్డ్‌వేర్ షాపులో కిటికీలకూ వాష్ బేసిన్లకూ అమ్మే మామూలు సిలికాన్ పెట్టొద్దు, పెట్రోలుకు ఉబ్బి ఊడొస్తుంది. స్టిల్ వాళ్లు చెప్పే డిర్కో హెచ్‌టీ గానీ, లోక్టైట్ 518 గానీ వాడండి.

నట్టుబోల్టు
నా ఓటు 518కి. గాలి తగిలే చోట అది గట్టిపడదు, రెండు లోహాల మధ్య గాలి లేని చోటే గట్టిపడుతుంది. అందుకే లోపలికి పిండుకున్నది పెట్రోలుకు కడుక్కుపోతుంది. డిర్కో లాంటిదైతే లోపలికి పిండుకున్న ముక్క రబ్బరుగా గట్టిపడి, ఊడితే బేరింగులోకి పోతుంది.

గోదారిగట్టు
ఆ భయం ఉన్నది నిజమే, కానీ పాత మిషన్లో ముఖాలు గీతలు పడి ఉంటే 518 ఆ లోతు నింపలేదు. గీతలుంటే డిర్కో, ఒకటిన్నర మిల్లీమీటరు తీగంత సన్నగా, లోపలి అంచుకు దూరంగా. ముఖం అద్దంలా ఉంటే 518. ఏదైనా ముందు పాతది గీకి, థిన్నరుతో తుడిచి, జిడ్డు లేకుండా చేయాలి. సీళ్ల బయటి చుట్టుకు కూడా పలచగా పూయండి, రెండు సగాలూ కలిసే మూల దగ్గర గాలి పడేది అక్కడే.

రెండుస్ట్రోకులు
కలిపేటప్పుడు బోరును తలకిందులుగా పెట్టుకోండి. సీళ్ల పెదవికి గ్రీజు రాసి, ఇన్సులేషన్ టేపు చుట్టిన షాఫ్టు మీదుగా ఎక్కించండి, లేకుంటే మర పెదవిని కోస్తుంది. రింగులు వేళ్లతో నొక్కి పట్టి పిస్టన్‌ను బోరులోకి దింపాలి, బలం పెట్టకూడదు. బేరింగులు వాటి చోట్లలో, సీళ్లు గాడుల్లో కూర్చున్నాయని చూశాకే పళ్లెం పెట్టి స్క్రూలు మూలకొకటిగా, కొంచెం కొంచెంగా బిగించండి. ప్రతి విడతకూ క్రాంకు తిప్పి చూడండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆపి విప్పండి.

కాయిలుకూ మాగ్నెట్టుకూ మధ్య 0.2 నుంచి 0.3 ఎంఎం. విజిటింగు కార్డు దోపి బిగిస్తే సరిపోతుంది. ప్లగ్గు ఎన్‌జీకే బీపీఎంఆర్7ఏ, సందు 0.5.

కార్బొరేటర్ పెట్టకముందే, సీలెంటు ఆరాక, ఆ రెండు పరీక్షలూ మళ్లీ చేయాలి. కొత్త ఎల్బోతో సహా.

పాలమూరు_మెకానిక్
కార్బొరేటరు కిట్టు ఏస్తుంటే వరస తప్పుతరు చానమంది. పంపు వైపు ముందుగాల డయాఫ్రం, దాని మీద ప్యాకింగు. సూది ఉండే వైపు ముందుగాల ప్యాకింగు, దాని మీద డయాఫ్రం. తిర్లమర్ల ఏస్తే పెట్రోలు రాదు, లేకుంటె ఉర్కుతది. సూది లీవరు జామా కార్బొరేటరుల గది అడుగుకు సమానంగ ఉండాలె. పెట్రోలు గొట్టంలకెళ్లి 0.8 బార్ గాలి కొట్టి చూడున్రి, నిలవడాలె. నిలవకుంటె సూది కింద చెత్త ఉన్నట్టు.

ట్యాంకు గాలి పోసుకునే వెంటు కూడ చూడున్రి. అది మూసుకుంటె పది నిమిషాలు నడిచి ఆగుతది, మూత తీస్తె బుస్సుమని మళ్ల నడుస్తది.

సరుగుడుతోట
బిగించాను. గాలి 250 దగ్గర నిమిషం కదల్లేదు. వ్యాక్యూం 15 ఇంచుల నుంచి 20 సెకన్లకు 14. ఆరు లాగులకు కంప్రెషన్ 140. కార్బొరేటర్ హెచ్ (పూర్తి వేగం), ఎల్ (తక్కువ వేగం) పెట్రోలు స్క్రూలు మెల్లగా మూసి ఒక్కో చుట్టు తెరిచాను. ఇక స్టార్ట్ చేసి సెట్ చేయడమేనా?

నట్టుబోల్టు
రింగులు కూర్చున్నాక ఆ 140 ఇంకా పెరుగుతుంది.

బారు, చైను వేసుకునే సెట్ చేయండి, అవి లేకుండా పూర్తి రేస్ ఇవ్వొద్దు. రెండు నిమిషాలు వేడి చేశాక ముందు ఎల్. దాన్ని మెల్లగా మూస్తుంటే వేగం పెరిగి ఒక చోట తడబడుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి తెరవండి. రేస్ నొక్కగానే నీరసంగా మూలిగితే ఇంకొంచెం తెరవాలి, పొగతో బొబ్బరిస్తే కొంచెం మూయాలి. తర్వాత ఐడిల్ వేగం సెట్ చేసే ఎల్‌ఏ స్క్రూతో చైను తిరగకుండా ఇంజిను నిలబడేలా, 2800 దరిదాపుల్లో.

హెచ్ చివర. పూర్తి రేస్‌లో, చెట్టుకు ఆనించకుండా, శబ్దం సన్నటి ఈలలా నున్నగా ఉంటే అది పలచన, వెంటనే తెరవండి. బరబరమని తడబడుతూ మోగాలి. దుంగలోకి దింపగానే ఆ బరబర పోయి శబ్దం శుభ్రమవ్వాలి, పైకి లేపగానే మళ్లీ రావాలి. టాకోమీటరుంటే 13,000 దాటనివ్వకండి. మీరు లీటరుకు 40 పోయబోతున్నారు, పైగా ఇథనాల్ పెట్రోలు. పాత సెట్టింగు కన్నా కాస్త ఎక్కువే తెరవాల్సి వస్తుంది.

సరుగుడుతోట
చేశాను. రేస్ వదలగానే వేగం వెంటనే పడిపోతోంది. మిషన్ను ఎటు వంచినా ఐడిల్ మారట్లేదు. దుంగలో బరబర పోతోంది, లేపితే వస్తోంది.

రెండుస్ట్రోకులు
మొదటి మూడు నాలుగు ట్యాంకులు సన్న కొమ్మలే కోయండి, ఒకే వేగంలో నిలిపి ఉంచకండి. రెండో ట్యాంకు అయ్యాక, చల్లారనిచ్చి, సైలెన్సర్ స్క్రూలు, కార్బొరేటర్ నట్లు ఒకసారి బిగించి చూడండి. కొత్త ఎల్బో నలిగి కూర్చుంటుంది, నట్లు పావు చుట్టు వదులవుతాయి. అదే సమయంలో సైలెన్సర్ దారిలోంచి పిస్టన్‌కు టార్చి వేయండి. పొడుగునా మెషిన్ గుర్తులు కనిపిస్తుంటే, ఆ మూడు నాలుగు ట్యాంకులూ అయ్యాక బారు నిండా కోతకు పెట్టొచ్చు.